శ్వాస చూడాలా, నాడి చూడాలా?

2022 మార్చి ఆఖర్లో వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ఐసీయూలో, మంచం మీద కదల్లేని రోగిని ఎలుకలు కొరికాయి. చేతి వేళ్ల నుంచీ కాలి మడమల నుంచీ రక్తం కారడం బంధువుల కంటపడింది. రెండు రోజులపాటు టీవీల్లో అదే వార్త. సూపరింటెండెంటును బదిలీ చేశారు, ఇద్దరు డాక్టర్లను సస్పెండ్ చేశారు. రోగిని హైదరాబాదు నిమ్స్‌కు తరలించారు, ఆయన అక్కడ చనిపోయాడు. అప్పటికే జబ్బు బాగా ముదిరి ఉన్న మనిషి.

ఆ బదిలీ మీదా సస్పెన్షన్ల మీదా నాకు పేచీ లేదు. ఆసుపత్రిలో ఏది తప్పినా మన చూపు ‘ఎవరి మీద చర్య తీసుకున్నారు’ అన్న వాక్యం దగ్గరే ఆగిపోతుంది, నా బాధ అది. 2019 మార్చిలో నాంపల్లి పట్టణ ఆరోగ్య కేంద్రంలో టీకాలు వేయించుకున్న పసిపిల్లలకు జ్వరం రాకుండా పారాసిటమాల్ ఇవ్వబోయి ట్రమడాల్ ఇచ్చారు. అది పెద్దవాళ్లకు వాడే నొప్పి మందు. పసిప్రాణాలు పోయాయి. అదే ఏడాది ఫిబ్రవరిలో, నిమ్స్‌లో ఆపరేషన్ చేయించుకున్న ఒక మహిళ కడుపులో కత్తెర ఉండిపోయిందని ఎక్స్‌రేలో బయటపడింది. అప్పుడూ ఇంతే. పేర్లు బయటికొచ్చాయి, విచారణ జరిగింది, వారం తిరిగేసరికి మరో వార్త వచ్చింది.

‘ఎవరు’ అనే ప్రశ్నను పక్కనపెట్టి ‘ఎలా’ అని అడిగిన సందర్భం ఒకటి ఇదే గడ్డ మీద ఉంది. వరంగల్‌కు రైలొచ్చిన కొత్తలో, ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, హైదరాబాదు అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో జరిగింది. అక్కడ అడిగిన ప్రశ్న గొప్పది. వచ్చిన జవాబు సగం తప్పు. ఆ తప్పు సగం కూడా మనం తెలుసుకోదగ్గదే.

కథ స్కాట్లండులో మొదలవుతుంది. 1847 నవంబరులో ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫామ్‌ను మత్తుమందుగా పరిచయం చేశాడు. అంతకు ముందున్న ఈథర్ కంటే ఇది తేలిక. తియ్యటి వాసన, గుడ్డ మీద నాలుగు చుక్కలు చాలు, నిమిషాల్లో మత్తు. మూడు నెలలు తిరక్కుండానే, 1848 జనవరి 28న, న్యూకాసిల్ దగ్గర వింలటన్ అనే ఊళ్లో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్ల కాలి వేలి గోరు తీయించుకోవడానికి కుర్చీలో కూర్చుంది. గుడ్డ మీద చెంచాడు క్లోరోఫామ్ పోసి ముక్కు దగ్గర పెట్టారు. అర నిమిషంలో మత్తులోకి జారింది. గోరు తీయబోతుంటే కాలు విదిలించింది. ఉన్నట్టుండి పెదాలు పాలిపోయాయి. కంగారులో మొహాన నీళ్లు కొట్టారు, నోట్లో బ్రాందీ పోశారు, నేల మీద పడుకోబెట్టి నరం కోసి రక్తం తీయబోయారు. మొదలుపెట్టిన మూడు నిమిషాలకు ప్రాణం పోయింది.

క్లోరోఫామ్ చావుల్లో లెక్కకెక్కిన మొదటిది అదే. చంపిందేమిటి? మందేనన్నారు జ్యూరీ వాళ్లు. కాదు, గొంతులో పోసిన బ్రాందీ, నీళ్లు ఊపిరాడకుండా చేశాయన్నాడు సింప్సన్. తను తెచ్చిన మందు మీద నింద పడనివ్వలేదు మరి! లండన్‌లో జాన్ స్నో మాత్రం (కలరా మంచినీళ్ల ద్వారా వస్తుందని తర్వాత తేల్చిన డాక్టరు ఈయనే) ఇలాంటి చావుల వివరాలు ఒక్కొక్కటే పోగేశాడు. ఆవిరి మరీ చిక్కగా పోతే గుండె నేరుగా ఆగిపోతుందని ఆయన తేల్చుకున్నది. 1853లో విక్టోరియా రాణి ప్రసవానికి క్లోరోఫామ్ ఇచ్చింది కూడా ఆయనే. చెయ్యి తిరిగినవాడి చేతిలో అది భద్రంగానే ఉండేది.

మిగతావాళ్ల చేతుల్లో అలా కాదు. పంటి కోసమో గోరు కోసమో వెళ్లి, బల్ల మీదే పోయినవాళ్ల కబుర్లు ఏటేటా పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. డాక్టర్లు రెండు వర్గాలుగా చీలారు. లండన్ వాళ్లు మణికట్టు వదలొద్దన్నారు: గుండె ముందు పోతుంది కనుక నాడి చూడాలి. ఎడిన్‌బరోలో జేమ్స్ సైమ్ శిష్యులు నాడి జోలికి పోవద్దన్నారు: ముందు ఆగేది ఊపిరి, అది నడుస్తున్నంతసేపు గుండెకు ఢోకా లేదు.

సైమ్ దగ్గర చదువుకున్న ఎడ్వర్డ్ లారీ 1885లో హైదరాబాదు రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చాడు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి, హైదరాబాద్ మెడికల్ స్కూలు ఆయన చేతికింద నడిచాయి. గురువు మాట ఆయనకు వేదం. స్కూల్లో మత్తు ఇవ్వడం నేర్చుకునే ప్రతి విద్యార్థికీ అదే పాఠం. వెల్లకిలా పడుకోబెట్టాలి. ఛాతీ మీదా పొట్ట మీదా బిగుతుగా ఏదీ ఉండకూడదు, బట్టలు వదులు చెయ్యాలి. మందు ముక్కుకు అదిమిపెట్టకుండా గాలి ఆడనివ్వాలి. కనుగుడ్డు మీద వేలు తాకినా రెప్ప కదలకపోతే మత్తు చాలినట్టే, అక్కడితో మందు తీసేయాలి. మత్తిచ్చే మనిషి ఆపరేషన్ వైపు చూడకూడదు, ఆయన పనల్లా ఊపిరిని చూడడమే. నాడి పట్టుకుంటే ధ్యాస చెదురుతుందని లారీ వాదన.

ఆ విద్యార్థుల్లో రూపాబాయి ఫర్దూన్జీ ఒకరు. హైదరాబాదు పార్సీ అమ్మాయి. ఆడపిల్లలు వైద్యం చదవడమే వింతగా ఉన్న రోజుల్లో ఆపరేషన్ బల్ల తలవైపు నిలబడి మత్తు ఇచ్చింది, తర్వాత లారీ వేయించిన క్లోరోఫామ్ కమిషన్ ప్రయోగాల్లోనూ పాల్గొంది. ప్రపంచంలో తొలి మహిళా మత్తు డాక్టరుగా ఆమె పేరే చెబుతారు. మన పాఠ్యపుస్తకాలు ఇప్పటికీ ఆ ముచ్చట ఎందుకు చెప్పవో!

1888లో లారీ మొదటి హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్ వేయించాడు. నూటికి పైగా కుక్కలకు క్లోరోఫామ్ ఇచ్చి, ముందు ఆగేది ఊపిరా గుండెనా అని చూశారు. ప్రతిసారీ ఊపిరే ముందు ఆగిందన్నారు. లండన్‌లో వైద్య పత్రిక లాన్సెట్ ఈ ఫలితాన్ని నమ్మలేదు. ఎక్కడో హైదరాబాదులో కుక్కల మీద చూసిన దానితో నలభై ఏళ్ల తగాదా తీరుతుందా అన్నట్టు రాసింది. లారీకి రోషం వచ్చింది. నిజాం దగ్గరికి వెళ్లాడు. లాన్సెట్ తన మనిషిని తనే ఎంచుకుని పంపించుకోవచ్చు, ఆ ఖర్చుకు వెయ్యి పౌన్లు ఇస్తామన్నాడు నిజాం.

నాకు అబ్బురం అనిపించేది ఇక్కడే. ఒక సంస్థానాధీశుడు తన ఆసుపత్రి చెప్పిన మాట నిజమో కాదో తేల్చమని, అది నమ్మనివాడికే ఎదురు డబ్బిచ్చి పిలిపించాడు. ఈ రోజు ఏ ఆసుపత్రి యాజమాన్యమైనా, ఏ ఆరోగ్య శాఖైనా, తనను అనుమానించేవాణ్ణి సొంత ఖర్చుతో పిలిపించుకుంటుందా?

లాన్సెట్ థామస్ లాడర్ బ్రంటన్‌ను పంపింది. గుండె నొప్పికి అమైల్ నైట్రైట్ వాడవచ్చని 1867లోనే చెప్పిన ప్రసిద్ధుడు. క్లోరోఫామ్‌తో గుండెకూ ముప్పు ఉందనే నమ్మకంతో ఓడెక్కినవాడు. 1889 అక్టోబరు నుంచి డిసెంబరు దాకా రెండో కమిషన్ పనిచేసింది. లారీ అధ్యక్షుడు, బ్రంటన్‌తో పాటు జెరాల్డ్ బామ్‌ఫోర్డ్, రుస్తుంజీ హకీం సభ్యులు. కుక్కలు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్లు, గుర్రాలు... వందలకొద్దీ జంతువులు. రక్తపు పోటు కొలిచే గొట్టాన్ని ధమనికి తగిలించి, తిరుగుతున్న డ్రమ్ము మీది కాగితంపై గీత గీయించారు. ఆ గీతలన్నిటికీ ఫొటోలు తీయించారు. రేపెవరైనా అనుమానపడితే చూపించడానికి. ఆ కాలానికి ఇంత పట్టుగా దాఖలా ఉంచుకోవడం అరుదు.

చివరికి బ్రంటన్ లండన్‌కు తంతి కొట్టాడు. తన నమ్మకం మారిందని దాని సారాంశం: ప్రమాదమంతా ఊపిరాడకపోవడం వల్లా మోతాదు మించడం వల్లా వచ్చేదే, గుండె మీద నేరుగా ఏమీ లేదు. లారీ గెలిచాడు.

గెలిచానని ఆయన అనుకున్నాడు. ఇంగ్లండులో మాత్రం బల్ల మీద చావులు ఆగలేదు. 1893లో కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ అనే ఇద్దరు శరీరశాస్త్రవేత్తలు కమిషన్ ప్రయోగాలను విమర్శిస్తూ, క్లోరోఫామ్ గుండెను నేరుగానే దెబ్బతీస్తుందని చూపించారు. అదే ఏడాది లాన్సెట్ కూడా కుక్కలను వదిలి మనుషుల వైపు తిరిగింది. మత్తులో చనిపోయిన రోగుల దాఖలాలు ఆసుపత్రుల నుంచి తెప్పించి పరిశీలించింది. అసలు ముడి విప్పింది 1911లో గుడ్‌మన్ లెవీ. పిల్లులకు క్లోరోఫామ్ కొద్దికొద్దిగా, పైపైన ఇచ్చాడు. మత్తు పూర్తిగా ఎక్కని ఆ స్థితిలో, భయమో నొప్పో కలిగినప్పుడు ఒంట్లో ఊరే అడ్రినలిన్ తోడైతే గుండె లయ తప్పి, అదిరిపోయి ఆగిపోయింది. ఊపిరి ఇంకా ఆడుతుండగానే.

ఇప్పుడు హానా గ్రీనర్‌ను గుర్తు చేసుకోండి. భయంతో వణుకుతున్న చిన్నపిల్ల, అరకొర మత్తు, గోరు దగ్గర నొప్పికి విదిలించిన కాలు. లెవీ చెప్పిన చావు అచ్చం అలాగే ఉంటుంది. అఫ్జల్‌గంజ్‌లో ఎక్కువగా వెతికింది మోతాదు మించితే ఏమవుతుందని. దొరికిన జవాబు దానికి సరైనదే. కానీ ఎందరో రోగులు పోయింది మోతాదు చాలక. మించుతుందేమోనన్న భయంతో మందు కాసేపు పెట్టి, కాసేపు తీసి, మళ్లీ పెట్టిన జాగ్రత్తపరుల చేతుల్లోనే ఆ ప్రమాదం పొంచి ఉంది.

లారీని మోసగాడు అనడానికి లేదు. గీతలు దొంగవి కావు, ఫొటోలు ఉన్నాయి. ఆయన గురువు మాటకు సాక్ష్యం వెతుకుతున్నాడు, వెతికిన చోట దొరికింది. అయితే ఆయన పాఠంలో మిగిలిన సగం మాత్రం గట్టిది. వెల్లకిలా పడుకోబెట్టడం, ఛాతీ వదులుగా ఉంచడం, ఒక మనిషి అదే పనిగా ఊపిరిని చూస్తూ ఉండడం ఎందరినో కాపాడి ఉంటాయి. బహుశా ఆయన శిష్యులు మందు తడుముకోకుండా నిలకడగా ఇచ్చేవాళ్లేమో, అందుకే అక్కడ చావులు తక్కువేమో అని కూడా అనిపిస్తుంది. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి 1908 సెప్టెంబరు మూసీ వరదలో కొట్టుకుపోయింది. దాని వారసత్వంగా ఉస్మానియా ఆసుపత్రి లేచింది.

క్లోరోఫామ్ వాడకం ఇరవయ్యో శతాబ్దం నడుమకు వచ్చేసరికి దాదాపు పోయింది. మత్తు చావులు పోలేదు. 1954లో అమెరికాలో బీచర్, టాడ్ పది ఆసుపత్రుల్లో ఆరు లక్షల దాకా కేసులు లెక్కగట్టి, మత్తు కారణంగా దాదాపు 1,560 మందిలో ఒకరు పోతున్నారన్నారు. 1978లో జెఫ్రీ కూపర్ అనే ఇంజనీరు బోస్టన్ మత్తు డాక్టర్లను కూర్చోబెట్టి ఒక చిత్రమైన ప్రశ్న అడిగాడు: చావు దాకా పోయి తప్పినవి, తప్పకపోయినవి ఏవేవి? పేర్లు రాయనక్కర్లేదు. వాళ్లు మనసు విప్పి చెప్పారు. గొట్టం ఊడిపోయింది, ఎవరూ చూసుకోలేదు. ఒక సిరంజి బదులు ఇంకోటి ఎక్కించాం. గ్యాసు మీట అటు తిప్పబోయి ఇటు తిప్పాం. నూటికి 82 మనిషి పొరపాట్లు, యంత్రం నేరుగా పాడైనవి 14 మాత్రమే. శిక్ష భయం తీసేస్తేనే ఈ లెక్క బయటికొచ్చింది. నాంపల్లిలో ఆ మాత్రల పట్టీ ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఎలా వెళ్లిందో అలా అడిగిన దాఖలా నేనెక్కడా చదవలేదు.

ఊపిరా నాడా అనే తగాదా తీర్చింది మాత్రం డాక్టరు కాదు, జపాన్‌లో నిహాన్ కోడెన్ కంపెనీ ఇంజనీరు తకువో అయోయాగి. 1970ల మొదట్లో ఆయన వేరే పని మీద ఉన్నాడు. రక్తంలోకి రంగు ఎక్కించి, చెవి తమ్మె గుండా వెలుగు పంపి, గుండె ఎంత రక్తం పంపు చేస్తోందో కొలవాలని. నాడి కొట్టుకున్నప్పుడల్లా గీత ఎగిరిపడి కొలత చెడుతోంది. ఆ చిరాకును వదిలించుకోవడానికి రెండు రంగుల వెలుగులు వాడి ఒకదానితో ఒకటి కొట్టేయాలని చూశాడు. మనిషి ఊపిరి బిగబడితే మాత్రం ఆ కొట్టివేత కుదరలేదు. రక్తంలో ఆక్సిజన్ తగ్గినప్పుడల్లా లెక్క తప్పుతోంది. అంటే ఆ తప్పులోనే ఆక్సిజన్ లెక్క ఉంది! 1974లో ఆయన ఆ పద్ధతిని ప్రకటించాడు. అదే పల్స్ ఆక్సీమీటర్. నాడి కొట్టుకుంటేనే అది పనిచేస్తుంది, చెప్పేదేమో ఊపిరి సంగతి. థియేటర్లో దాని కూత విన్నారా? ఒక్కో కూత ఒక్కో గుండె చప్పుడు. ఆక్సిజన్ పడిపోతుంటే ఆ కూత స్వరం దిగుతుంది. మత్తు డాక్టరు తల ఎత్తకుండానే, లండన్ వాళ్లడిగిందీ లారీ అడిగిందీ ఒకే చెవితో వింటుంది.

1986లో హార్వర్డ్ ఆసుపత్రులు మత్తులో ఉన్న రోగి దగ్గర ఏమేమి తప్పకుండా కనిపెట్టుకుని ఉండాలో నియమాలు రాసుకున్నాయి, కాలక్రమంలో ఆక్సీమీటర్ లేని థియేటర్ అనేది పెద్ద దేశాల్లో ఊహించలేనిదైంది. తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున అతుల్ గవాండే బృందం 19 ప్రశ్నల కాగితం ఒకటి తయారుచేసింది. రోగి పేరేమిటి, ఏ ఆపరేషన్, ఏ వైపు, ఆక్సీమీటర్ తగిలించారా, బయటికి పంపేముందు కత్తెరలూ గుడ్డముక్కలూ లెక్క సరిపోయాయా. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో పరీక్షిస్తే ఆపరేషన్ తర్వాత చావులు నూటికి 1.5 నుంచి 0.8కి దిగాయని 2009లో ప్రకటించారు. నిమ్స్ కత్తెర ఆ చివరి ప్రశ్న దగ్గరే పట్టుబడాలి. అయితే కెనడాలో ఒంటారియో రాష్ట్రం 101 ఆసుపత్రుల్లో ఆ కాగితాన్ని తప్పనిసరి చేస్తే చావులు చెప్పుకోదగ్గంత తగ్గలేదని 2014లో తేలింది. పైనుంచి ఉత్తర్వు వస్తే కింద టిక్కులు పడతాయి. మన ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకు ఇది ఒకరు చెప్పాలా?

ఆక్సీమీటర్ మన ఇళ్లలోకి వచ్చింది కరోనా రోజుల్లో. 2021 వేసవిలో హన్మకొండ, కాజీపేట మందుల షాపుల ముందు దానికోసం తిరగని ఇల్లు తక్కువ. 94 కంటే తగ్గితే ఆసుపత్రికి పరుగెత్తాలని ముసలమ్మలకు కూడా కంఠతా వచ్చేసింది. ఆ అంకె మీదే మంచం దొరకడం, ఆక్సిజన్ సిలిండర్ దొరకడం ఆధారపడ్డాయి.

ఆ అంకె అందరి ఒంట్లోనూ ఒకేలా నిజం చెప్పదు. రెండు రంగుల వెలుగు చర్మం గుండా వెళ్లాలి కదా, చర్మం నల్లగా ఉంటే ఆక్సిజన్ ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. 2020 చివర్లో అమెరికాలో మిషిగన్ డాక్టర్లు వేలాది దాఖలాలు తీసి చూశారు. ఆక్సీమీటర్ 92 నుంచి 96 మధ్య బాగానే చూపిస్తున్నా, ధమని రక్తం పరీక్షలో 88 కంటే తక్కువ ఉన్నవాళ్లు నల్లజాతి రోగుల్లో నూటికి దాదాపు 12 మంది, తెల్లవాళ్లలో నలుగురు లోపు. యంత్రానికి అనుమతి ఇచ్చేముందు ఎవరి వేళ్ల మీద పరీక్షించారో వెనక్కి చూస్తే, 2013 నాటి అమెరికా మార్గదర్శకం అడిగింది పదిమందిని. వాళ్లలో ఇద్దరు నల్లని చర్మంవాళ్లుంటే సరిపోయేది. 2025 జనవరిలో విడుదలైన కొత్త ముసాయిదా ఆ పదిని 150కి పెంచి, రకరకాల చర్మపు రంగులవాళ్లు తగినంతమంది ఉండాలంటోంది.